మా చిన్నమ్మ ఎత్తివేయని బహిష్కరణ

మా చిన్నమ్మ పోయింది. పొద్దున బర్రె పాలు పిండి, గిన్నె మీద మూత పెట్టి, అరుగు మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఈ వార్త నాకు చెప్పింది ఆమె కూతురు. బోధన్‌లో బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది, నాకు చెల్లె అవుతుంది. ఫోన్‌లో ఏడవలేదు.

"అక్కా, అమ్మ పోయింది," అన్నది. ఆ వెంటనే, "ఆళ్ళు అమ్మ పేరు మైకుల సదువుతున్నరు. నువ్వు జల్ది రా," అన్నది.

ఆ మైకు నాకు ఫోన్‌లోనే వినిపించింది. ఊళ్ళో గ్రామాభివృద్ధి కమిటీ భవనం మీద ఉంటుంది. "మన ఊరి ఆడబిడ్డ, గౌరవనీయురాలు, స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము." ఒకప్పుడు ఆమెతో ఎవరూ మాట్లాడకూడదని, మాట్లాడినవాళ్ళకు దండుగ వేస్తామని చెప్పింది కూడా ఆ మైకే. నిజామాబాద్ నుంచి బస్సులో వెళ్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఆ "గౌరవనీయురాలు" అనే మాటే చెవిలో తిరిగింది.

నేను చేరేసరికి వాకిట్లో శవం ఉంది. కమిటీ పెద్ద అప్పటికే వచ్చి, మా చెల్లెను గోడ పక్కకు పిలిచి మాట్లాడి వెళ్ళాడు. ఏమన్నాడని అడిగాను.

"తూము కాడి తుకడ అడుగుతున్నడు. 'నువ్వు బోధన్‌ల ఉంటివి, నీకెందుకు బిడ్డా, మీ మామ కొడుకులకు ఇచ్చేయి, నీళ్ళ సంగతి మేం మొగోళ్ళం కూసొని సూసుకుంటం' అన్నడు. దినాల నాడు అందరి ముంగట జవాబు జెప్పాల్నంట."

తూము పక్కన ఉన్న ఆ చిన్న పొలం ముక్క చెల్లె చేతిలోంచి పోతే ఏం పోతుందో పాఠకులకు తెలియాలి. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మా చిన్నమ్మ గురించి మంచే చెబుతాను. మిగతావాళ్ళలో చాలామంది బతికే ఉన్నారు.

మా జిల్లాలో చాలా ఊళ్ళకు పంచాయతీతో పాటు ఇంకో కమిటీ ఉంటుంది. దాన్ని ఏ చట్టమూ పెట్టలేదు. కులానికి ఇంతమంది అని మగవాళ్ళు కూర్చుంటారు. గుడి కట్టిస్తారు, కల్లు వేలం వేస్తారు, తగువులు తీరుస్తారు. మాట విననివాళ్ళను వెలివేస్తారు. వెలి అంటే ఊరు దాటించడం కాదు. మనిషి ఉన్న ఇంట్లోనే ఉంటుంది. దుకాణంలో ఉప్పు అమ్మరు. పొలంలోకి ట్రాక్టర్ రాదు, కూలీలు రారు. ఎవరూ పలకరించరు. ఊళ్ళో దీన్ని "బంద్ పెట్టడం" అంటారు. ఇది నేరమని పోలీసులు చెప్పారు, కోర్టులు చెప్పాయి, నాలాంటి విలేకరులు రాశారు. ఇంకా నడుస్తూనే ఉంది. ఇలాంటి కమిటీలో ఆడమనిషి కూర్చోగా నేను ఇంతవరకూ చూడలేదు.

చిన్నమ్మ మీద బంద్ పెట్టింది తండ్రి భూమిలో వాటా అడిగినందుకు.

మా తాతకు ముగ్గురు పిల్లలు. పెద్దది మా అమ్మ, తర్వాత మామ, చివర చిన్నమ్మ. కోటగిరి వైపు కాలువ కింద ఊరు. తూము దగ్గర మొదలై పిల్లకాలువ వెంబడి తాత పొలం ఉండేది. చెరుకు వేసేవాళ్ళు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గి వరి పెరిగింది. వరి పెరిగిన కొద్దీ నీళ్ళ వంతు కోసం పంతాలు పెరిగాయి. చిన్నమ్మను భీమ్‌గల్ దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. భర్త చనిపోయాక పసిపిల్లను తీసుకుని తిరిగొచ్చింది. తాత కాళ్ళు పడిపోతే పొలం చేసింది ఆమే. తాత పోయాక మామ ఆమెతో అన్న మాట మా ఇంట్లో అందరికీ తెలుసు.

"ఇల్లున్నది, ఉండు. నిన్ను ఎవలు పొమ్మన్నరు?"

"ఉండుమని నువ్వు జెప్పేదేంది? నాది నాకు ఇయ్యి, నేనే ఉంట."

ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఉందని మన రాష్ట్రంలో చట్టం వచ్చి అప్పటికే చాలా ఏళ్ళు. దేశమంతటికీ ఆ తర్వాత వచ్చింది. మా అమ్మమ్మకు అలా అడగవచ్చన్న సంగతే తెలియదు. మా అమ్మకు తెలుసు, అడగలేదు. చదువు, ఓటు, ఆస్తి, వీటిలో ఏ ఒక్కటీ ఆడవాళ్ళకు ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వలేదు. ప్రతిదానికీ ముందు ఒకామె అడిగింది, అడిగినందుకు తిట్లు తిన్నది. మా ఊళ్ళో ఆ ఒకామె మా చిన్నమ్మ.

మామ కమిటీకి వెళ్ళాడు. కమిటీ భవనం ముందు గద్దె ఉంటుంది. మగవాళ్ళు గద్దె మీద కూర్చున్నారు. చిన్నమ్మ కింద నిలబడింది. మా అమ్మను కూడా పిలిపించారు, ఆమె చిన్నమ్మకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. కమిటీ పెద్ద అడిగిన ప్రశ్న ఒడిబియ్యం గురించి. మా వైపు పుట్టింటివాళ్ళు ఆడబిడ్డను పిలిచి, కొత్త చీర పెట్టి, కొంగులో బియ్యం పోస్తారు. ఆ బియ్యం ఉన్నంతకాలం పుట్టిల్లు ఉన్నట్టు. వాటా అడిగిన ఆడబిడ్డకు ఒడిబియ్యం ఉండదు. అది ఎవరూ పైకి చెప్పరు, అందరికీ తెలుసు.

"మీ అన్న ఒడిబియ్యం పోస్తలేడా? సీరె పెడ్తలేడా? ఇంక వాటా ఏందమ్మా?"

"ఒళ్ళె పట్టే బియ్యం నాకొద్దు. గవి పండే మడి ఇయ్యుండ్రి."

గద్దె మీద ఒకతను నవ్వాడు. "మడి ఒళ్ళె పడ్తదా?"

"పట్టది. అందుకే అడుగుతున్న."

తర్వాత మా అమ్మను అడిగారు. "నాకేం వద్దు. మా తమ్ముడు సల్లగుండాలె," అన్నది మా అమ్మ. ఆమెను మంచి ఆడబిడ్డ అన్నారు. ఆ సాయంత్రమే మామ ఇంట్లో ఆమెకు ఒడిబియ్యం పోశారు. చిన్నమ్మ మీద బంద్ పెట్టినట్టు మైకులో చెప్పింది కూడా ఆ సాయంత్రమే.

అప్పుడు నేను బోధన్‌లో కొత్తగా విలేకరిగా చేరాను. వార్త రాయడానికి వెళ్తే చిన్నమ్మ నాకు ఒక మాట చెప్పింది. ఉద్యోగంలో నాకు పైవాళ్ళు చాలా చెప్పారు గానీ, పనికొచ్చింది ఇదే. "కోపం రాయకు బిడ్డా. ఎవడేం జేసిండో రాయి. సదివేటోళ్ళకు కోపం అదే వస్తది."

ఎవరేం చేశారో రాస్తున్నాను. కమిటీ పెద్ద మైకు పట్టుకున్నాడు. మామ ఆయన పక్కన నిలబడ్డాడు. కిరాణా దుకాణం అతను ఆమె చేతిలోని సంచీ వెనక్కి ఇచ్చాడు. నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆమె వస్తే బిందెలు ఎత్తుకుని లేచిపోయారు. ఆ ఆడవాళ్ళలో కొందరు ఇంటికెళ్ళి ఏడ్చారని తర్వాత చెప్పారు. అది కూడా నిజమే. కానీ లేచిపోయారు.

తనతో ఎవరూ మాట్లాడరు కాబట్టి చిన్నమ్మ బర్రెతో మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు పెద్దది. బర్రెను తోలుకుంటూ కమిటీ భవనం ముందు నుంచే వెళ్ళేది, వేరే దారి ఉన్నా సరే.

"ఏమే, సూసినవా? పెద్దమనిషి కొత్త ధోతి కట్టిండు. గుణం మాత్రం పాతదే."

ఎవరూ జవాబు ఇవ్వడానికి లేదు. ఇస్తే మాట్లాడినట్టే, దండుగ పడుతుంది. ఒక రోజు కమిటీ పెద్ద ఆపుకోలేక, "నోరు అదుపుల పెట్టుకో!" అని అరిచాడు. చిన్నమ్మ ఆగింది. బర్రె మెడ మీద చెయ్యి వేసింది. "నిన్నే అంటున్నడే. నాతోనైతే మాట్లాడరాదు గదా ఆయిన," అన్నది. ఆ వీధిలో చిన్నపిల్లలు చాలా రోజులు ఆ మాట అనుకుని నవ్వుకున్నారు.

ఉప్పు, పప్పు ఆమెకు క్యాంపులో దొరికేవి. క్యాంపు అంటే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్నవాళ్ళ వాడ, ఊరికి కాస్త దూరం. చిన్నమ్మ పాలు కొన్నది కూడా వాళ్ళే. అక్కడ దుకాణం నడిపే ఆవిడను భయం లేదా అని నేనడిగాను. "మీ ఊరి కమిటీ మామీద పెత్తనమేంటండీ? ఆవిడ పాలల్లో నీళ్ళు కలపదు, మాకంతే కావాలి," అన్నది. ఆ రోజుల్లో చిన్నమ్మ గురించి ఎవరైనా అన్న మంచి మాట ఇదొక్కటే.

మధ్యలో మా అమ్మ ఒకసారి మామ ఇంటికి వచ్చింది. చిన్నమ్మ గది ఆ ఇంటి వెనకే. వీధిలో అక్కాచెల్లెళ్ళు ఎదురుపడ్డారు. మా అమ్మ తల దించుకుంది. మాట్లాడితే మామకు దండుగ పడుతుందని ఆమె భయం. చిన్నమ్మ బర్రె వైపు తిరిగి, "మా అక్క సిక్కిపోయింది. మోకాళ్ళ నొప్పికి మందు ఏస్కుంటుందో లేదో అడుగవే," అన్నది. మా అమ్మ ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, రెండు రోజులు సరిగ్గా తినలేదు. అయినా పుట్టింటికి వెళ్ళడం మానలేదు.

చిన్నమ్మ బోధన్ కోర్టులో కేసు వేసింది. వాయిదాలు నడిచాయి. మామ ఓడిపోతాడని అతని వకీలే చెప్పాడు. అప్పుడు కమిటీ ఒక ఉపాయం చెప్పింది. తూము దగ్గరి ముక్క ఆమెకిచ్చి రాజీ చేసుకొమ్మంది. ఆ ముక్కను పిల్లకాలువ మధ్యలోంచి కోసుకుపోతుంది. ఎప్పుడూ ఊట నీరు, తుంగ గడ్డి. పైగా తూము గట్టు మీదికి ఆడవాళ్ళు వెళ్ళే అలవాటు ఊళ్ళో లేదు. షట్టర్ ఎత్తడం, వంతులు చూడటం, కాలువ వెంట కాపలా తిరగడం, అన్నీ మగవాళ్ళ పనులు. ఆడది తూము దగ్గర పొలం ఏం చేసుకుంటుంది, రెండు పంటలకు విసుగొచ్చి తిరిగి ఇస్తుంది అనుకున్నారు. ఇది నా ఊహ కాదు. "గది ఇస్తే యాష్టకొచ్చి వాపస్ ఇస్తది అనుకున్నం," అని మామే తర్వాత నాతో చెప్పాడు. రాజీ అయిన రోజు కమిటీ భవనంలో కల్లు తాగారు. బంద్ మాత్రం తీయలేదు. కోర్టుకు వెళ్ళినందుకు అది అలాగే ఉంచారు.

వాళ్ళు మరిచిపోయింది పూడిక. యాసంగికి, అంటే రబీ పంటకు, నీళ్ళు వదిలేముందు పిల్లకాలువలో పేరుకున్న మట్టి తీయాలి. తీయకపోతే కింది పొలాలకు నీళ్ళందవు. తీసిన మట్టి గట్టు మీద పోయాలి, జేసీబీ గట్టు వెంట నడవాలి. కాలువకు అటు గట్టు, ఇటు గట్టు, రెండూ ఇప్పుడు చిన్నమ్మవి. నీళ్ళు ఆపే హక్కు ఆమెకు లేదు, ఆమె ఎప్పుడూ ఆపలేదు. కానీ తన పొలంలోకి యంత్రం రావాలన్నా, మట్టి పడాలన్నా ఆమెను అడగాలి. అడగాలంటే ఆమెతో మాట్లాడాలి. మాట్లాడితే దండుగ. ఆ తీర్మానం చేసింది వాళ్ళే.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పొద్దున జేసీబీ వచ్చింది. రైతులంతా రోడ్డు మీద నిలబడ్డారు. చిన్నమ్మ గట్టు మీద కూర్చుని గడ్డి కోస్తోంది. డ్రైవర్ వేరే ఊరివాడు, అతనికేమీ తెలియదు. దిగి వచ్చి, "అమ్మా, మట్టి ఏడ పోయాలె?" అని అడిగాడు.

"అయ్యో కొడకా, నాతోని మాట్లాడినవ్. నీకు దండుగ పడ్తది. నిన్ను పంపినోళ్ళను అడిగి రా, మాట్లాడొచ్చునా లేదా అని."

డ్రైవర్ రోడ్డు మీదికి వెళ్ళాడు. అక్కడ అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిరిగి వచ్చి, "ఏం జెప్తలేరమ్మా," అన్నాడు.

"మరి నేనేం జెప్త? కూసో. ఛాయ్ తాగుతవా?"

అతను ఛాయ్ తాగాడు. జేసీబీ ఆ రోజంతా నిలబడే ఉంది.

మర్నాడు మైకులో చెప్పారు. ఫలానా ఆమెను కమిటీ పెద్ద మనసుతో మాఫ్ చేసిందని, బంద్ ఎత్తివేసిందని, ఆమె గద్దె దగ్గరికి రావాలని. చిన్నమ్మ వెళ్ళింది. పేడ చేతులు కడుక్కోకుండానే వెళ్ళింది. కమిటీ పెద్ద నవ్వుతూ, "అయిపాయె తల్లీ, బంద్ తీసేసినం," అన్నాడు.

"మీరు తీసిండ్రు. నేను తీయలే."

"నువ్వు తీసేదేందమ్మా?"

"ఇన్నొద్దులు మీరు నాతోని మాట్లాడలే. ఇయ్యాల్టి సంది నేను మీతోని మాట్లాడ. నా పొలంల మట్టి పోయాల్నంటే మీ ఇండ్లల్ల ఆడోళ్ళను పంపుండ్రి. ఎవలు వచ్చి అడిగితే, ఆ యింటి నీళ్ళకు వాళ్ళే జిమ్మేదారు. మొగోడు తూము ముడితే తెల్లారి నా గట్టు మీద మట్టి పడది."

అక్కడ మాఫ్ అడగవలసింది ఎవరో, చేయవలసింది ఎవరో అప్పటికి అందరికీ అర్థమైంది. పంట ఎండేదాకా ఆగలేక ఒప్పుకున్నారు. ఆ గద్దె దగ్గర ఆమె అన్న ఆ మాటలే కమిటీ మగవాళ్ళతో ఆమె ఆఖరి మాటలు. ఆ తర్వాత పోయేదాకా వాళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడలేదు.

మొదట వచ్చింది కమిటీ పెద్ద కోడలు. కొంగు నెత్తి మీదికి లాక్కుని వాకిట్లో నిలబడింది.

"మా మామ పంపిండు."

"మీ మామ సంగతి ఎందుకు? నీ పేరేంది?"

"పేరెందుకక్కా?"

"నీళ్ళు నీ పేరు మీద పోతయి గనుక."

ఆ ఊళ్ళో పెళ్ళయిన ఆడదాన్ని పేరు పెట్టి పిలవరు. ఫలానా అతని భార్య, ఫలానా అతని తల్లి అంతే. ఆ కోడలికి తన పేరు చెప్పడానికి కొంచెం సమయం పట్టింది. చిన్నమ్మ ఆ పేరును రెండుసార్లు పిలిచి చూసింది. తర్వాత పీట వేసింది.

అలా ఒక్కో ఇంటి నుంచి ఒక్కో ఆడమనిషి వచ్చింది. ప్రతి యాసంగికి ముందు చిన్నమ్మ వాకిట్లో కూర్చునేవాళ్ళు. ముందు ఎవరికి, తర్వాత ఎవరికి, చివరి పొలాలకు ఎప్పుడు అని మాట్లాడుకునేవాళ్ళు. తూము గట్టు మీద ఆడవాళ్ళు నడిచారు. షట్టర్ చక్రం తిప్పారు. తగువులు పోయాయని నేను రాయను. వాళ్ళు కూడా బాగానే తిట్టుకున్నారు, ఒకసారి జుట్లు పట్టుకున్నారు. కానీ చివరి పొలాలకు నీళ్ళు అందాయి. ఆ పొలాల వాళ్ళు గద్దె మీద ఎప్పుడూ కూర్చున్నవాళ్ళు కాదు.

చిన్నమ్మ ఎవరినీ క్షమించలేదు. ఈ సంగతి మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. పెళ్ళిళ్ళలో కమిటీ మగవాళ్ళు కూర్చున్న పందిట్లోకి వెళ్ళేది కాదు, వంటల దగ్గర ఆడవాళ్ళతో తిని వచ్చేది. కమిటీ పెద్ద దారిలో ఎదురైతే పక్కకు తప్పుకునేది కాదు. ఆయన తప్పుకునేదాకా నిలబడేది. రిజర్వేషన్ వచ్చి ఊరికి ఆడమనిషి సర్పంచ్ అయితే, ఆమె కుర్చీలో భర్త కూర్చునేవాడు. చిన్నమ్మ పింఛను పని మీద వెళ్ళి, అతని మొహం చూడకుండా గుమ్మంలోనే కూర్చుంది. "సర్పంచ్ వచ్చేదాక ఉంట," అన్నది. మధ్యాహ్నానికి అసలు సర్పంచ్ వంట మధ్యలో వదిలేసి, చేతికి పిండితోనే వచ్చి సంతకం పెట్టింది. తర్వాత వారం కూడా చిన్నమ్మ ఏదో పని పెట్టుకుని వెళ్ళింది. ఆ తర్వాత వారం కూడా వెళ్ళింది. చివరికి ఆ భర్త వేరే కుర్చీ వేసుకున్నాడు.

నిజామాబాద్‌లో మహిళా దినోత్సవానికి ఒకసారి ఆమెను పిలిచారు. సమాన హక్కుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు పట్టుకుని, తన మీద బంద్ పెట్టినవాళ్ళ పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లతో సహా చెప్పడం మొదలుపెట్టింది. వేదిక మీద ఉన్నవాళ్ళు కంగారుపడి చప్పట్లు కొట్టించారు. చప్పట్లు ఆగేదాకా ఆగి, మిగతా పేర్లు చెప్పింది. శాలువా కప్పి పంపారు. ఆ శాలువా ఆ చలికాలమంతా బర్రె దూడ మీద ఉంది.

మామ మంచాన పడ్డప్పుడు చిన్నమ్మ రోజూ పాలు పంపింది. మాట పంపలేదు. మామ చాలాసార్లు కబురు పెట్టాడు. మా అమ్మ వెళ్ళి బతిమాలింది.

"ఒక్క మాట మాట్లాడితే నీ సొమ్మేం పోతదే?"

"నా మాట నా సొమ్మే అక్కా. ఆడు గుంజుకున్నప్పుడు ఎవలకు పట్టనిది ఇప్పుడెందుకిస్త?"

మామ ఆ మాట అందకుండానే పోయాడు. చిన్నమ్మ అంత్యక్రియలకు వెళ్ళింది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది. ఇందులో పొరపాటు ఎక్కడుందో నాకు కనపడలేదు. ఏడుపు అన్న కోసం. మౌనం గద్దె పక్కన నిలబడ్డ మనిషి కోసం.

ఇప్పుడు దినాల సంగతి. వాకిట్లో షామియానా వేశారు. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. కమిటీ పెద్ద లేచాడు. ఆయనకు ఇప్పుడు వయసు మీదపడింది, గొంతు మాత్రం అలాగే ఉంది. మా చిన్నమ్మ ఊరికి వన్నె తెచ్చిందన్నాడు. కమిటీ ఎప్పుడూ ఆమెను సొంత ఆడబిడ్డలా చూసుకుందన్నాడు. ఆ మాటకు ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో గట్టిగా దగ్గారు. ఆయన ఆగలేదు. "ఆమెతోనే ఆ పాత పంచాయితి పోయింది. ఇంక అందరం కలిసి ఉందాం. బిడ్డా, తూము కాడి తుకడ సంగతి ఇయ్యాల తేల్చు," అన్నాడు.

మామ కొడుకులు ఆయన పక్కనే ఉన్నారు. చెల్లె ఏం చెబుతుందో నాకు తెలియదు. ఆమెకు బోధన్‌లో దుకాణం ఉంది, ఈ ఊరితో పని లేదు. నలుగురిలో గొడవ పడే మనిషి కాదు. తల్లి పోయిన ఈ పదిరోజులూ సరిగ్గా నిద్రపోలేదు. ఇచ్చేస్తానంటే ఎవరూ తప్పుపట్టరు. చాపల మీద ఆడవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. తూము మళ్ళీ మగవాళ్ళ చేతికి పోతే వాళ్ళ పేర్లు మళ్ళీ ఫలానా అతని భార్య అవుతాయి.

చెల్లె లేచింది. కమిటీ పెద్ద వైపు చూడలేదు. చాపల దగ్గరికి నడిచి, ఆయన కోడలి ముందు కూర్చుంది. ఆమెను పేరు పెట్టి పిలిచింది.

"అక్కా, మీ మామకు జెప్పు. మా అమ్మ బంద్ తీయలే. ఆమె తీయనిది నేనెట్ల తీస్త? తుకడ నా పేరు మీద చేయించుకుంట. పూడిక సంగతి ఐతారం కూసొని మాట్లాడుకుందాం. నువ్వు రావాలె."

కమిటీ పెద్ద నాలుగు గజాల దూరంలో ఉన్నాడు. ప్రతి మాటా వినపడింది. కోడలు కొంగు సర్దుకుంది. ఆయన వైపు తిరిగి, "మామా, ఇన్నవా? మల్ల జెప్పాల్నా?" అన్నది.

ఆడవాళ్ళు నవ్వారు. దినాల నాడు అలా నవ్వకూడదు. నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. అంతలోనే ఏడ్చింది. ఆ తర్వాత మామ కొడుకులు ఆమె కోసం తెచ్చిన పుట్టింటి చీర సంచీని అక్కడే కుర్చీ మీద వదిలేసి, చెల్లె పక్కకు వచ్చి కూర్చుంది.

ఆ తర్వాతి వారం పూడిక తీశారు. నేను చూడటానికి వెళ్ళాను. మట్టి తీయడం అయిపోయింది. ఆడవాళ్ళు తూము గట్టు మీద నిలబడి ఉన్నారు. కమిటీ పెద్ద మనవడి బండి మీద వచ్చి రోడ్డు మీద దిగి, తన పొలానికి ముందు వదలమని అక్కడి నుంచే కేక వేశాడు. తిరిగి వెళ్తున్న జేసీబీ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. చెయ్యి పైకెత్తి ఊపాడు. కోడలు ఒకసారి చూసింది. తర్వాత వీపు తిప్పి, ఇంకో ఆమెతో కలిసి షట్టర్ చక్రం తిప్పసాగింది. ముందు బురద వచ్చింది, తర్వాత ఎర్రటి నీళ్ళు వచ్చాయి, తర్వాత తేట నీళ్ళు. నీళ్ళు ఆయన పొలం దాటి చివరి మడుల వైపు వెళ్ళిపోయాయి. ఆయన చెయ్యి ఎత్తే ఉంచాడు.